సమీకరణం తెలుసు, స్థితి తెలియదు

ప్రోటాన్ ద్రవ్యరాశి, కణాల బరువును శక్తి కొలతల్లో చెప్పే వాడుకలో, 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. దానిలోని రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు ద్రవ్యరాశులను కూడితే లెక్క 9 దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 929 ఏ ఒక్క కణానికీ సొంతం కాదు. క్వార్కుల కదలికలో, వాటిని విడిపోనివ్వని గ్లూవాన్ల క్షేత్రంలో ఉన్న శక్తే ఆ ద్రవ్యరాశి. మనం ముట్టుకునే ప్రతి వస్తువు బరువులోనూ దాదాపు మొత్తం ఇలా వచ్చిందే.

ఈ శక్తిని శాసించే సిద్ధాంతం క్వాంటమ్ క్రోమోడైనమిక్స్. 1973 నాటికే దానికి రూపం వచ్చింది. మూల సూత్రం ఒక్క పంక్తిలో పడుతుంది. అయినా ఆ పంక్తి నుంచి బయలుదేరి, ప్రోటాన్ ద్రవ్యరాశిని కొద్ది శాతం తేడాతో, పొరపాట్లకు ఉన్న అవకాశాలన్నీ లెక్కగట్టి మరీ రాబట్టడం 2008లో గానీ కుదరలేదు. బుడాపెస్ట్, మార్సెయ్, వుప్పర్తాల్ నగరాలకు చెందిన పరిశోధకుల బృందం సూపర్ కంప్యూటర్లతో ఆ పని చేసింది. సమీకరణం చేతికి వచ్చాక జవాబు రావడానికి 35 ఏళ్లు పట్టిందన్నమాట. యంత్రాల వేగం చాలకపోవడం ఇందుకు ఒక కారణం మాత్రమే. అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. అది ప్రోటాన్‌కే పరిమితమూ కాదు. నికెల్ ఆక్సైడ్ ముక్కలో ఎలక్ట్రాన్లకూ, సున్నా కెల్విన్‌కు అంగుళం దూరంలో ఉన్న లిథియం వాయువుకూ, న్యూట్రాన్ నక్షత్రం కడుపుకూ అదే చిక్కు.

భౌతికశాస్త్రంలో చాలా లెక్కలు ఒకే ఒడుపుతో సాగుతాయి. ముందు కణాలు ఒకదాన్నొకటి పట్టించుకోవని అనుకుంటారు. ఆ తేలిక లెక్క పూర్తిచేసి, తర్వాత వాటి మధ్య ఉన్న పరస్పర చర్యను చిన్న సవరణగా కలుపుతారు. ఆ సవరణకు మరో సవరణ, దానికి ఇంకొకటి. విద్యుదయస్కాంత బలానికి ఈ పద్ధతి అద్భుతంగా సరిపోతుంది. అక్కడ బలాన్ని కొలిచే సంఖ్య దాదాపు 1/137 కాబట్టి, ప్రతి సవరణా ముందుదానికంటే బాగా చిన్నది. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం విషయంలో సిద్ధాంతం, ప్రయోగం పదికి పైగా అంకెల దాకా ఏకీభవిస్తాయి.

క్వార్కుల దగ్గర ఈ ఒడుపు సగమే పనిచేస్తుంది. వాటి మధ్య బలం దూరాన్ని బట్టి మారుతుంది. 91 గిగా (గిగా అంటే వంద కోట్లు) ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర, అంటే చాలా తక్కువ దూరాల్లో, ఆ సంఖ్య 0.118. ఒక గిగా స్థాయికి దిగేసరికి సుమారు అరకు పెరుగుతుంది. ఇంకా దిగితే సవరణలు చిన్నవి కావడం మానేస్తాయి. దగ్గరైతే బలం సడలుతుందనే ఈ లక్షణాన్ని కనుగొన్నందుకు డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, డేవిడ్ పొలిట్జర్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. అదే లక్షణాన్ని తిరగేసి చూస్తే మాత్రం చెడ్డ కబురే: ప్రోటాన్ సైజు దగ్గర చిన్న సవరణల లెక్కకు కాలు నిలవదు.

కాబట్టి బలం ఎక్కువైతే కష్టం, తక్కువైతే సులువు అనుకోవడం సహజం. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇలాగే చెబుతాయి. కానీ ఈ మాట సగం నిజమే. రెండు పాత ఉదాహరణలు పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది.

మొదటిది రాగి. రాగి తీగలో వాహక ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ శక్తి వాటి చలన శక్తికి దాదాపు సమానమైన స్థాయిలోనే ఉంటుంది. చిన్న సవరణ అనడానికి ఏమాత్రం వీల్లేదు. అయినా ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా తిరుగుతాయనుకుని చేసిన లెక్కలు రాగి ప్రవర్తనను చక్కగానే పట్టుకుంటాయి. ఎందుకో 1956లో లెవ్ లాండౌ వివరించాడు. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదనే పౌలీ వర్జన నియమం వల్ల తక్కువ ఉష్ణోగ్రతలో ఎలక్ట్రాన్లకు ఢీకొని వెళ్లడానికి ఖాళీ స్థితులే దొరకవు. ఒక్కో ఎలక్ట్రాన్ తన చుట్టూ ఉన్న కలకలాన్ని తనతో మోసుకుంటూ, కొత్త ద్రవ్యరాశితో, పాత చిరునామాతోనే తిరుగుతుంది. దీన్నే క్వాసీ కణం అంటారు. ద్రవ హీలియం-3లో ఈ కొత్త ద్రవ్యరాశి అసలుదానికి మూడు రెట్లు, పీడనం పెంచితే ఆరు రెట్లకు దగ్గర. 1975లో పరిశీలించిన సీరియం, అల్యూమినియం సమ్మేళనంలో అది వందల రెట్లు. అయినా కథ అదే. పరస్పర చర్య ఎంత గట్టిదైనా, స్థితి జాతి మారలేదు.

రెండోది పాదరసం, సీసం లాంటి మామూలు అతివాహకాలు, అంటే బాగా చల్లారితే నిరోధం లేకుండా విద్యుత్తును పంపే లోహాలు. వీటిలో ఎలక్ట్రాన్ల మధ్య ఏర్పడే ఆకర్షణ అతి స్వల్పం. జంట కట్టడం వల్ల మిగిలే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో వెయ్యోవంతు స్థాయిది. ఎలక్ట్రాన్ల చలన శక్తి మాత్రం కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు. ఇంత చిన్న బలానికి సవరణల పద్ధతి సునాయాసంగా పనిచేయాలి. పనిచేయలేదు. 1911లో కనుగొన్న అతివాహకతకు 1957 దాకా సరైన సిద్ధాంతం రాలేదు. కారణం గణితంలోనే ఉంది. జంట శక్తి సూత్రంలో ఆకర్షణ బలం ఘాతాంకంలో హారంగా కూర్చుంది. అలాంటి ప్రమేయాన్ని బలపు ఘాతాల శ్రేణిగా విడగొట్టబోతే ప్రతి పదమూ సున్నాయే. ఎన్ని సవరణలు కలిపినా జవాబు సున్నా. బార్డీన్, కూపర్, ష్రీఫర్ గెలిచింది లెక్కను ఇంకా సూక్ష్మంగా చేసి కాదు. జంటలతో నిండిన వేరే జాతి తరంగ ప్రమేయాన్ని, అంటే క్వాంటమ్ స్థితిని వర్ణించే గణిత రూపాన్ని, ముందే ఊహించి, అక్కడినుంచి మొదలుపెట్టారు.

ఈ రెంటినీ కలిపి చూస్తే అసలు ప్రశ్న ఏమిటో తెలుస్తుంది. బలం ఎంత అన్నది రెండో సంగతి. మనం మొదలుపెట్టిన స్థితి, వ్యవస్థ నిజంగా స్థిరపడే స్థితి ఒకే జాతివా కాదా అన్నదే మొదటి సంగతి. జాతి ఒకటైతే గట్టి బలాన్నీ నెట్టుకురావచ్చు. జాతి మారితే మొదటికే మోసం వస్తుంది. బలమైన పరస్పర చర్యల సిద్ధాంతం అనే పేరు కింద ఈ అరవై డెబ్బై ఏళ్లుగా జరిగిన పనిలో ఎక్కువ భాగం, సరైన మొదటి స్థితి కోసం వెతుకులాటే.

నికెల్ ఆక్సైడ్ ఈ వెతుకులాటలో తొలి దెబ్బ. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్ల శక్తులు పట్టీలుగా ఉంటాయనే పట్టీల సిద్ధాంతం ప్రకారం అందులో సగం నిండిన పట్టీ ఉంది కాబట్టి అది లోహంలా విద్యుత్తును ప్రవహింపజేయాలి. నిజానికి అది ఆకుపచ్చగా కనిపించే బంధకం, విద్యుత్తును పోనివ్వదు. 1937లో డి బోయర్, వెర్వే ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపారు. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణే కారణమై ఉండాలని పియర్ల్స్, మాట్ వెంటనే గ్రహించారు. పక్క పరమాణువు మీదకు గెంతాలంటే అక్కడ ఇప్పటికే ఒక ఎలక్ట్రాన్ కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే చోట ఉండటానికి చెల్లించాల్సిన శక్తి, గెంతితే కలిసొచ్చే శక్తికంటే ఎక్కువ. దాంతో అందరూ ఎక్కడివాళ్లు అక్కడే నిలిచిపోతారు. ఖాళీ జాగా లేకపోవడం వల్ల కాదు, ఒకరికొకరు అడ్డుపడటం వల్ల ఆగిన ప్రవాహం ఇది.

దీన్ని 1963లో జాన్ హబ్బర్డ్ అతి సాదా నమూనాగా కుదించాడు. అదే కాలంలో గుట్జ్‌విల్లర్, కనమోరి కూడా విడివిడిగా అదే నమూనాకు చేరారు. అందులో ఉన్నవి రెండే రెండు సంఖ్యలు: పక్కకు గెంతే శక్తి ఒకటి, ఒకే చోట ఇద్దరు పడితే అయ్యే ఖర్చు రెండోది. నమూనాలో ఇంతకంటే తీసేయడానికి ఏమీ మిగల్లేదు. ఒకే వరసలో పేర్చిన పరమాణువులకు లీబ్, వూ 1968లో దీన్ని పూర్తిగా, ఉజ్జాయింపులు లేకుండా సాధించారు. ఆ వరసలో ఎలక్ట్రాన్ తన విద్యుదావేశాన్ని ఒక తరంగంగా, స్పిన్‌ను (దాని సొంత అయస్కాంత దిశను) ఇంకో తరంగంగా విడదీసుకుని రెండు వేర్వేరు వేగాలతో పోతుంది. ఎలక్ట్రాన్ అనే కణమే అక్కడ సరైన లెక్కింపు వస్తువు కాదన్నమాట.

వరసను గళ్లుగా మార్చి రెండు దిశల్లో పరిస్తే? అదే నమూనా, అవే రెండు సంఖ్యలు. ఖచ్చితమైన పరిష్కారం ఈ రోజుకీ లేదు. 1986లో జ్యూరిచ్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లలో అధిక ఉష్ణోగ్రత అతివాహకతను కనుగొన్నాక, ఈ రెండు కొలతల గడి మీద పడ్డంత శ్రమ ఘనపదార్థ భౌతికశాస్త్రంలో మరే నమూనా మీదా పడి ఉండదు.

ఎందుకింత కష్టం? ఒక్కో స్పిన్‌కు రెండే అవకాశాలున్నా, 300 స్పిన్‌ల ఉమ్మడి స్థితిని పూర్తిగా రాయడానికి 2³⁰⁰ సంఖ్యలు కావాలి. అది సుమారు 2×10⁹⁰. కనిపించే విశ్వంలోని పరమాణువుల లెక్క 10⁸⁰ స్థాయిది. విశ్వమంతా కాగితంగా మార్చినా 300 స్పిన్‌ల స్థితి అందులో పట్టదు. చిటికెడు పదార్థంలో ఉన్నవి 300 కావు, 10²⁰కి పైనే.

ఇక్కడ ఒక ఊరట ఉంది. ప్రకృతి ఈ మహా విస్తీర్ణంలో మూలమూలకూ వెళ్లదు. తక్కువ శక్తి స్థితుల్లో చాలావాటికి క్వాంటమ్ ముడి, అంటే ఒక భాగం మరో భాగంతో పెనవేసుకున్న తీరు, పరిమితంగానే ఉంటుంది. వ్యవస్థను రెండు ముక్కలుగా ఊహిస్తే ఆ ముడి ముక్క పరిమాణంతో కాక సరిహద్దుతో మాత్రమే పెరుగుతుంది. వరసలో సరిహద్దు అంటే ఒక బిందువే కాబట్టి ముడి అసలు పెరగదు. స్టీవెన్ వైట్ 1992లో ప్రవేశపెట్టిన సాంద్రతా మాత్రికల పద్ధతి అద్భుతంగా పనిచేయడానికి కారణం ఇదేనని తర్వాత అర్థమైంది. పద్ధతి ముందు వచ్చింది, అది ఎందుకు పనిచేస్తుందో వివరణ వెనక వచ్చింది. ఒక్కో స్పిన్‌కు మూడు అవకాశాలుండే స్పిన్ 1 గొలుసుల్లో కనీస ఉత్తేజానికి కొంత శక్తి తప్పనిసరి అని 1983లో హాల్డేన్ చెబితే చాలామంది నమ్మలేదు. వైట్ పద్ధతి ఆ అంతరాన్ని పక్క స్పిన్‌ల మధ్య చర్యా బలంలో 0.4105 వంతు అని నాలుగు అంకెల దాకా తేల్చింది. శక్తి అంతరం ఉన్న ఏ గొలుసుకైనా ఈ సరిహద్దు నియమం వర్తిస్తుందని 2007లో హేస్టింగ్స్ గణితపరంగా నిరూపించాడు. రెండు కొలతల్లోకి వస్తే సరిహద్దు పొడుగవుతుంది, ముడి పెరుగుతుంది, కంప్యూటర్ ఖర్చు విపరీతంగా పెరిగిపోతుంది.

ఇంత యంత్రాంగం ఏదీ లేకుండా, ఊహతోనే కోట గెలిచిన సందర్భం ఒకటుంది. ఈ రంగంలో అంతకంటే అందమైన పని లేదనిపిస్తుంది. గాలియం ఆర్సెనైడ్ పొరల మధ్య ఒకే తలంలో బందీలైన ఎలక్ట్రాన్లను బాగా చల్లార్చి, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి, 1982లో త్సూయి, ష్టోర్మర్, గోసార్డ్ ఊహించనిదొకటి చూశారు. ప్రవాహానికి అడ్డదిశలో కొలిచే నిరోధం, ఎలక్ట్రాన్లు ఉన్న స్థితుల్లో మూడో వంతే నింపిన చోట, చదునైన మెట్టులా నిలబడింది. ఆ క్షేత్రంలో ఎలక్ట్రాన్ల చలన శక్తి అందరికీ ఒకటే. అంటే ఒక స్థితికంటే మరో స్థితిని మేలని చెప్పడానికి చలనం పనికిరాదు. తేడా తెచ్చేది వికర్షణ ఒక్కటే. చిన్నది అనుకోవడానికి, దేంతో పోల్చి చిన్నది అనాలి? సవరణల పద్ధతికి ఇక్కడ తలుపే లేదు.

మరుసటి ఏడాది రాబర్ట్ లాఫ్లిన్ ఒక తరంగ ప్రమేయాన్ని రాసేశాడు. మూల సమీకరణం నుంచి రాబట్టలేదు, ఊహించాడు. అందులో ప్రతి రెండు ఎలక్ట్రాన్ల మధ్య దూరం మూడో ఘాతంలో ఉంటుంది. దాంతో రెండు ఎలక్ట్రాన్లు దగ్గరయ్యే సంభావ్యత దూరపు ఆరో ఘాతంతో సున్నాకు పడిపోతుంది. కొద్ది ఎలక్ట్రాన్లతో కంప్యూటర్ మీద కచ్చితంగా సాధించిన స్థితులతో పోల్చితే ఈ ఊహ 99 శాతానికి పైగా కలిసింది. మార్చి చూసుకోవడానికి అందులో ఒక్క సర్దుబాటు సంఖ్య కూడా లేదు. ఆ ప్రమేయం నుంచి వచ్చిన విచిత్రమైన ఫలితం, ఉత్తేజిత కణాలకు ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు మాత్రమే ఉంటుందని. ఎలక్ట్రాన్‌ను ఎవరూ ముక్కలు చేయలేదు. గుంపంతా కలిసి ఆడే ఆటలో మూడో వంతే విడి వస్తువుగా తేలింది. ఫ్రాన్స్‌లోని సాక్లే, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థల బృందాలు 1997లో విద్యుత్ ప్రవాహంలోని గలభా కొలిచి ఆ మూడో వంతును పట్టుకున్నాయి. మరుసటి ఏడాది లాఫ్లిన్, ష్టోర్మర్, త్సూయిలకు నోబెల్ అందింది.

ఐదింట రెండు, ఏడింట మూడు లాంటి ఇతర భిన్నాల సంగతి జైనేంద్ర జైన్ 1989లో తేల్చాడు. ఒక్కో ఎలక్ట్రాన్ రెండు అయస్కాంత అభివాహ తునకలను తగిలించుకుని కొత్త కణంగా మారుతుందని చూస్తే, ఆ కొత్త కణాలు దాదాపు స్వతంత్రంగా తిరుగుతాయి. ఎలక్ట్రాన్ల భాషలో మహా బలమైన సమస్య, ఈ కణాల భాషలో బలహీనమైన సమస్య అయిపోయింది. బలం అనేది పదార్థపు లక్షణమే కాదు, మనం ఎంచుకున్న కణాల లక్షణం కూడా అని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ ఇంకొకటి లేదు.

ఊహ తట్టని చోట బలవంతపు లెక్కే గతి. క్వార్కుల విషయంలో ఆ దారిని 1974లో కెన్నెత్ విల్సన్ వేశాడు. దేశకాలాన్ని నాలుగు కొలతల వలగా మార్చి, కణుపుల మీద క్వార్కులను, కణుపులను కలిపే గీతల మీద గ్లూవాన్ క్షేత్రాన్ని ఉంచాడు. అప్పుడు సమస్య గణాంక భౌతికశాస్త్రపు లెక్కలా మారుతుంది. కోట్ల అమరికల్లోంచి సంభావ్యతను బట్టి కొన్నింటిని ఏరి సగటు తీస్తే చాలు. ప్రోటాన్ ద్రవ్యరాశి ఇలాగే వచ్చింది. న్యూట్రాన్, ప్రోటాన్ల ద్రవ్యరాశుల మధ్య ఉన్న వెయ్యోవంతు తేడా కూడా 2015లో ఇలాగే, విద్యుత్ బలాన్ని కలుపుకుని, లెక్కకొచ్చింది. సుమారు లక్షా ఎనభై వేల కోట్ల డిగ్రీల దగ్గర ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కుల, గ్లూవాన్ల ద్రవం అవుతాయనీ, ఆ మార్పు నీరు మరిగినట్టు ఒక్కసారిగా కాక క్రమంగా జరుగుతుందనీ చెప్పింది కూడా ఈ వల లెక్కలే.

అయితే ఏరడానికి సంభావ్యత ధనసంఖ్య అయి ఉండాలి. ఎలక్ట్రాన్లు, క్వార్కులు ఫెర్మియాన్లు. రెంటిని అటూ ఇటూ మారిస్తే తరంగ ప్రమేయం గుర్తు మారిపోతుంది. దాంతో లెక్కలోకి ధన, రుణ సంఖ్యలు రెండూ దిగుతాయి. రెండు పెద్ద మొత్తాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలే ఇసుమంతే అసలు జవాబు. ఈగ వాలిన ఏనుగును ఒకసారి, ఈగ ఎగిరిపోయాక ఏనుగును ఇంకోసారి తూచి, తేడాను బట్టి ఈగ బరువు చెప్పడం లాంటిదిది. పైగా కణాలు పెరిగే కొద్దీ, ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ ఏనుగు ఘాతాంక వేగంతో పెరుగుతుంది. దీన్ని గుర్తు సమస్య అంటారు. అన్ని సందర్భాలకూ పనికొచ్చే విరుగుడు కనుక్కోవడం కంప్యూటర్లకు అత్యంత కఠినమైనవిగా భావించే ఎన్‌పీ హార్డ్ కోవకు చెందుతుందని 2005లో ట్రోయర్, వీజే నిరూపించారు. ఒక్కో సమస్యకు దాని సొంత విరుగుడు దొరకవచ్చు. అన్నిటికీ కలిపి ఒకే మందు మాత్రం ఎవరూ ఆశించడం లేదు.

ఈ గోడ ఎక్కడ అడ్డం నిలిచిందో చూస్తే దాని తీవ్రత తెలుస్తుంది. క్వార్కులు, ప్రతిక్వార్కులు సమంగా ఉన్న వేడి ద్రవానికి గుర్తు సమస్య లేదు. క్వార్కులు బాగా ఎక్కువైతే ఉంది. న్యూట్రాన్ నక్షత్రపు గర్భం సరిగ్గా ఆ రెండో కోవలో పడింది. అక్కడి పదార్థం ఎంత ఒత్తిడికి ఎంత గట్టిపడుతుందో మూల సిద్ధాంతం నుంచి నేరుగా లెక్కించలేం. సూర్యుడికి దాదాపు రెండింతల ద్రవ్యరాశి ఉన్న న్యూట్రాన్ నక్షత్రాన్ని 2010లో నిర్ధారించాక, మరీ మెత్తని పదార్థాన్ని ఊహించిన నమూనాలన్నీ కొట్టుకుపోయాయి. సిద్ధాంతం చెప్పాల్సిన తీర్పును టెలిస్కోపు చెప్పింది.

అదే నక్షత్రపు పైపొరల్లో మాత్రం ఒక చిత్రమైన సాయం దొరికింది, అదీ పరమాణు వాయువుల నుంచి. రెండు న్యూట్రాన్లు ఇంకొంచెం ఆకర్షణ ఉంటే జంటగా అతుక్కునేవే. ఆ అంచున ఉండటం వల్ల వాటి పరిక్షేపణ దైర్ఘ్యం, అంటే ఢీకొన్నప్పుడు ఒకదానికొకటి ఎంత పెద్దవిగా తోస్తాయో చెప్పే కొలత, సుమారు 19 ఫెర్మీలకు (ఫెర్మీ అంటే మీటరులో 10¹⁵వ వంతు) పెరిగింది, వాటి బలపు పరిధి 3 ఫెర్మీలకు లోపే. లిథియం-6 పరమాణువులను దాదాపు 832 గాస్‌ల అయస్కాంత క్షేత్రంలో ఉంచితే పరిక్షేపణ దైర్ఘ్యం అనంతమవుతుంది. అప్పుడు వాయువుకు తెలిసిన కొలత ఒక్కటే, కణాల మధ్య సగటు దూరం. లిథియమా, న్యూట్రానా అన్న తేడా చెరిగిపోతుంది. పరస్పర చర్య లేని వాయువు శక్తిని ఒకే ఒక సంఖ్యతో గుణిస్తే చాలు, అసలు శక్తి వచ్చేస్తుంది. ఆ సంఖ్య ఎంత అని జార్జ్ బెర్ట్ష్ 1999లో సవాలు విసిరాడు. 2012లో ఎంఐటీ బృందం కొలిచి 0.376 అని చెప్పింది. రెండు రకాల పరమాణువులు సమంగా ఉంటే ఈ సమస్యలో గుర్తు చిక్కు ఉండదు కాబట్టి కంప్యూటర్ లెక్కలూ దానికి చాలా దగ్గరకే వచ్చాయి. ఇదే వాయువు ఫెర్మీ ఉష్ణోగ్రతలో (కణాల అత్యధిక చలన శక్తికి సమానమైన ఉష్ణోగ్రతలో) ఆరో వంతు దగ్గరే అతిద్రవం, అంటే ఘర్షణ లేకుండా ప్రవహించే ద్రవం, అవుతుంది. మామూలు అతివాహకాల్లో ఆ నిష్పత్తి పదివేలలో ఒక వంతు స్థాయిది.

లిథియం వాయువును, క్వార్కుల ద్రవాన్ని కలిపే మరో సంగతి స్నిగ్ధత, అంటే ప్రవాహానికి లోపలి ఘర్షణ. ఒకటి కెల్విన్‌లో పది లక్షలో వంతుకు దిగువన, మరొకటి లక్ష కోట్ల డిగ్రీలకు పైన. స్నిగ్ధతను ఎంట్రోపీ (అస్తవ్యస్తతకు కొలత) సాంద్రతతో భాగిస్తే రెంటికీ వచ్చే విలువ తెలిసిన ద్రవాలన్నిటికంటే తక్కువ. 2005లో కోవ్‌టున్, సాన్, స్టారినెట్స్ కృష్ణబిలాల గణితం నుంచి ఈ నిష్పత్తికి ఒక హద్దును సూచించారు. రెండు ద్రవాలూ ఆ హద్దుకు కొద్ది రెట్ల దూరంలోనే ఉన్నాయి. దీన్నిబట్టి కృష్ణబిలమే ప్రోటాన్ రహస్యాన్ని విప్పేసిందని రాసేవాళ్లున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. ఆ గణితం వర్తించే సిద్ధాంతం క్వాంటమ్ క్రోమోడైనమిక్స్‌కు దూరపు చుట్టమే, ఆ హద్దు అన్ని ద్రవాలకూ వర్తించే నియమంగా నిరూపణ కాలేదు. కాకపోతే క్వాసీ కణాలే లేని ద్రవం ఎలా ప్రవహిస్తుందో చేతికందే లెక్కగా చూపింది, అది తక్కువ మేలేం కాదు.

స్థితి ఏమిటన్న ప్రశ్న కొత్తగా దొరికిన కణాల పేర్లలోకి కూడా పాకింది. 2003లో జపాన్‌లోని బెల్ ప్రయోగం కనుగొన్న ఎక్స్(3872) ద్రవ్యరాశి, రెండు ఛార్మ్ మెసాన్ల (మెసాన్ అంటే ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు జంట) మొత్తం ద్రవ్యరాశికి దాదాపు గీత గీసినంత దగ్గరగా ఉంది. అది నాలుగు క్వార్కుల బిగువైన ముద్దా, లేక రెండు మెసాన్లు వదులుగా పట్టుకున్న అణువా? అంచుకు ఇంత దగ్గర ఉన్నప్పుడు కణాల మధ్య దూరం చాలా పెరిగిపోయి, లోపలి వివరాలు మసకబారతాయి. లిథియం వాయువులో చూసిన బేఖాతరే ఇది. అప్పుడు ముద్దా, అణువా అన్నది రెండు బొమ్మల్లో ఒకదాన్ని ఎంచుకోవడం కాదు, ఒకే క్వాంటమ్ స్థితిలో ఏ భాగం ఎంత అని అడగడం. ప్రోటాన్, న్యూట్రాన్ జంట అయిన డ్యూటెరాన్ గురించి 1965లో స్టీవెన్ వైన్‌బర్గ్ ఈ ప్రశ్ననే కొలవదగ్గ రాశుల్లోకి మార్చాడు. ఇప్పటి వాదాలు ఆ సూత్రాన్నే మెరుగుపెట్టి వాడుతున్నాయి.

రెండు కొలతల హబ్బర్డ్ గడి దగ్గరికి మళ్లీ వస్తే, ఇప్పుడు రెండు వైపుల నుంచీ ముట్టడి సాగుతోంది. ఒకవైపు లేజర్ కాంతితో గడులు కట్టి, వాటిలో పరమాణువులను ఎలక్ట్రాన్ల బదులు కూర్చోబెట్టే ప్రయోగాలు. 2002లో మ్యూనిఖ్ బృందం రుబీడియం పరమాణువులు అతిద్రవం నుంచి మాట్ స్థితికి, అంటే నికెల్ ఆక్సైడ్‌లో లాగా ఎక్కడివక్కడ ఆగిపోయే స్థితికి, మారడం చూసింది. 2017లో హార్వర్డ్ బృందం సుమారు 80 గడుల్లో లిథియం పరమాణువుల స్పిన్‌లు ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా అమరడాన్ని ఒక్కో పరమాణువును విడిగా చూస్తూ నమోదు చేసింది. మరోవైపు, వేర్వేరు లోపాలున్న నాలుగైదు గణన పద్ధతులను ఒకే సమస్య మీద పెట్టి, అవన్నీ ఒప్పుకున్నదాన్నే నమ్మడం. 2017లో అలా ఎనిమిదో వంతు ఎలక్ట్రాన్లు తీసేసిన గడిలో ఆవేశం, స్పిన్ చారలుగా పేరుకుంటాయని తేలింది. పోటీ స్థితుల శక్తుల మధ్య తేడా గెంతు శక్తిలో వందో వంతు స్థాయిది మాత్రమే. అందుకే ఒక్కో పద్ధతి అంతకుముందు ఒక్కో జవాబు చెబుతూ వచ్చింది.

ఆ చారలు గెలిస్తే అతివాహకత ఓడినట్టా? పక్క గడిలోకి గెంతడం మాత్రమే ఉన్న శుద్ధ నమూనాలో, గట్టి వికర్షణ దగ్గర, అతివాహకత కనిపించడం లేదని 2020లో వచ్చిన ఒక పెద్ద గణన తేల్చింది. మూలగా ఉన్న గడిలోకి గెంతే చిన్న అవకాశాన్ని కూడా కలిపితే ఎలక్ట్రాన్లు తీసినా, చేర్చినా అతివాహకత ప్రత్యక్షమవుతోందని 2024లో వచ్చిన మరో గణన చూపింది. కలిపిన ఆ గెంతు మొదటి గెంతులో అయిదో వంతు మాత్రమే. ఇంతకంటే తీసేయడానికి ఏమీ లేదనిపించిన హబ్బర్డ్ నమూనాలో, తీసేసినవాటిలో ఒకదాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.